రక్త పంచాంగ శ్రవణం

బోరు వేయడానికి ముహూర్తం, పాలు పొంగించడానికి ముహూర్తం, కొత్త కారు టైరు కింద నిమ్మకాయ పెట్టడానికి సైతం ముహూర్తం చూసే జాతి మనది. అలాంటి వాళ్లం రక్తపరీక్షకు మాత్రం ఖాళీ దొరికినప్పుడు వెళ్లి చెయ్యి చాపేస్తాం. ఈ అపచారాన్ని సరిదిద్దే సదుద్దేశంతో, నెత్తురుకూ పంచాంగ శ్రవణం జరిపించాలని పండితులను వేడుకుంటున్నాను. వారికి తీరిక లేదు కాబట్టి నేనే చదువుతున్నాను, చిత్తగించండి.

ఎర్రకణాల రాశి వారికి ఆదాయం సెకనుకు సుమారు 20 లక్షలు, వ్యయమూ అంతే. ఆయుర్దాయం దాదాపు 120 రోజులు. రాజపూజ్యం శూన్యం. అవమానం బీట్‌రూట్ రసం రూపంలో.

ఉదయానికి రాజు కార్టిసాల్ అనే హార్మోన్. మనం నిద్రలేచే వేళకు ఉచ్చ, అర్ధరాత్రి దరిదాపుల్లో నీచ. మంత్రి ఇనుము, పొద్దున దర్పంగా ఉండి సాయంత్రానికి చల్లబడతాడు. లింఫోసైట్లనే తెల్లకణాలు నిశాచరులు, రక్తంలో వాటి సందడి రాత్రిపూటే. హిమోగ్లోబిన్ కాస్త పెద్దమనిషే గానీ సాయంత్రానికి కొంచెం తగ్గుతుంది. పైగా పడుకుంటే నెత్తురు పలచబడుతుంది, లేచి నిలబడితే నీరు నాళాల్లోంచి బయటికి జారి చిక్కబడుతుంది. వర్జ్యం: నిద్రలేచింది మొదలు మధ్యాహ్నం దాకా. నెత్తురును గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకు అతుక్కునే గుణం పెరిగేది, గుండెపోట్లు ఎక్కువగా వచ్చేది ఆ పూటే. ఈ ఒక్క ముక్క నవ్వులాటకు చెప్పలేదు.

ఇక ఎర్రకణం జాతకంలోని వింత. ఒంట్లో రోజును లెక్కపెట్టే గడియారమంటే జన్యువుల పని అని శాస్త్రజ్ఞులు గట్టిగా నమ్మారు. పండు ఈగల్లో ఆ జన్యువుల గుట్టు విప్పినవారికి 2017లో నోబెల్ కూడా ఇచ్చారు. ఎర్రకణానికేమో కేంద్రకమే లేదు, అంటే జన్యువుల మూటే లేదు. అయినా 2011లో కేంబ్రిడ్జిలో జాన్ ఓ'నీల్, అఖిలేశ్ రెడ్డి ఈ కణాలను ఒంట్లోంచి తీసి, చీకట్లో, ఒంటి వేడిలో రోజుల తరబడి ఉంచితే, వాటిలోని పెరాక్సిరెడాక్సిన్ అనే ప్రొటీన్ సుమారు 24 గంటలకోసారి లెక్కగా రూపం మారుస్తూనే ఉంది. సూర్యుడు లేడు, మెదడు లేదు, వేలిముద్ర పెట్టే హాజరు యంత్రమూ లేదు. (ఈ సంగతి చెబితే మా మామయ్య అడిగిన ఏకైక ప్రశ్న: "రెడ్డి అంటున్నావు, మనవైపు వాళ్లేనా?")

ఆ మామయ్యకే పోయిన నెల సోమవారం పొద్దున హిమోగ్లోబిన్ 13.1, బుధవారం సాయంత్రం 12.7. మధ్యలో 0.4 ఎవరు తిన్నారని ఇంట్లో విచారణ జరిగింది. అత్తయ్య వంట మీద నేరం రుజువై, ఇంటిల్లిపాదికీ తోటకూర శిక్ష పడింది. "మామయ్యా, ఎన్నింటికి ఇచ్చావన్నది కూడా చూడాలి" అన్నాను. "నెత్తురుకు టైమేమిట్రా, అదేమన్నా కుళాయి నీళ్లా?" అన్నాడు.

తర్వాత డాక్టరు గారు కార్టిసాల్ పరీక్ష రాసి, పొద్దున ఎనిమిదింటికల్లా వెళ్లమని రెండుసార్లు చెప్పి పంపారు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. అందుకని మామయ్య ఆ గండం దాటించి, నిదానంగా భోంచేసి, కునుకు తీసి, సాయంత్రం ఆరింటికి వెళ్లి రక్తం ఇచ్చొచ్చాడు.

రిపోర్టు బాగా తక్కువ వచ్చింది. ఆయన అనుమానం శని మీద.