బ్యాటరీ చచ్చిన రోజున బండి కదులుతుందా? సుదూర యాత్రకి హైబ్రిడ్ కొనేవాళ్లు అడగాల్సింది ఇదొక్కటే

వేల కిలోమీటర్లు, మధ్యలో రోజుల తరబడి మెకానిక్ కంటపడని దారులు. అలాంటి యాత్రకి హైబ్రిడ్ బండి, అంటే ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారూ ఉన్న బండి, పనికొస్తుందా అంటే పనికొస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. ఏ హైబ్రిడ్ అన్న దగ్గరే గొడవంతా. అందరూ మైలేజీ అడుగుతారు, హార్స్‌పవర్ అడుగుతారు, బ్యాటరీకి ఎన్నేళ్ల వారంటీ అని అడుగుతారు. మైలేజీ సంగతి నిజానికి మర్చిపోవచ్చు. హైబ్రిడ్ బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని బ్యాటరీలో దాచుకుని పెట్రోలు ఆదా చేస్తుంది. ఖాళీ రోడ్డు మీద గంటల తరబడి ఒకే వేగంతో వెళ్లేటప్పుడు బ్రేకే వేయం, బ్రేకు వేయని చోట బ్యాటరీలోకి తిరిగొచ్చే శక్తి ఎక్కడిది? అడగాల్సింది వేరే ఉంది. మోటారుని నడిపే పెద్ద బ్యాటరీ, అంటే హై వోల్టేజ్ బ్యాటరీ, చచ్చిన రోజున ఈ ఇంజిన్ స్టార్ట్ అవుతుందా, అయితే చక్రాలు తిరుగుతాయా?

రోడ్డు మీద కనిపించే చాలా హైబ్రిడ్ల విషయంలో దీనికి జవాబు అవదు, తిరగవు అనే.

టయోటా 1997లో ప్రియస్‌తో తెచ్చిన పవర్ స్ప్లిట్ పద్ధతినే చూడండి. అందులో ఇంజిన్‌ని లేపే మామూలు స్టార్టర్ లేదు, కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ లేదు, క్లచ్ లేదు. ఇంజిన్‌నీ రెండు మోటార్ జనరేటర్లనీ ఒక ప్లానెటరీ గేర్ సెట్, అంటే మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే అమరిక, కలుపుతుంది. ఇంజిన్‌ని తిప్పి లేపేది మొదటి మోటారు, మెకానిక్కుల మాటలో ఎంజీ1, దానికి కరెంటు వచ్చేది హై వోల్టేజ్ బ్యాటరీ నుంచే. అక్కడితో అయిపోలేదు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఎంజీ1 ఎదురు పట్టు ఇస్తూ ఉంటేనే దాని బలం చక్రాలకి చేరుతుంది, తాడుకి అవతలి కొస ఎవరూ పట్టుకోకపోతే ఇవతల ఎంత లాగినా బిగుసుకోదు కదా, అలాగన్నమాట. కాబట్టి బ్యాటరీ గానీ, దాని కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ గానీ మొరాయిస్తే ట్యాంకు నిండా పెట్రోలున్నా, ఇంజిన్ కొత్తదానిలా ఉన్నా, బండి ఉన్నచోటే ఉంటుంది. తోసి స్టార్ట్ చేసే దారి లేదు. జంపర్ కేబుళ్లు 12 వోల్టుల బ్యాటరీకి ప్రాణం పోస్తాయి తప్ప పెద్ద బ్యాటరీని ఏమీ చేయలేవు.

దీనికి ఎదురుచెప్పేవాళ్ల మాటలో బలం లేదని నేను అనను. పవర్ స్ప్లిట్‌లో అరిగే భాగాలు తక్కువ, ట్యాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగిన బండ్లు ప్రపంచమంతా ఉన్నాయి, ఇంతకన్నా రుజువైన హైబ్రిడ్ ఇంకోటి లేదంటారు. నిజమే. కానీ ట్యాక్సీ రాత్రికి ఇంటికొస్తుంది, పాడైతే టో ట్రక్కు గంటలో వస్తుంది. ఎంత అరుదుగా పాడవుతుందన్నది ఒక లెక్క, పాడైతే మన గతేమిటన్నది ఇంకో లెక్క. యాత్రికుడికి కావాల్సింది రెండోది.

పైగా యాత్రలో పరిస్థితులు నగరంలో లాంటివి కావు. గాలితో చల్లబడే బ్యాటరీ ఉన్న బండ్లలో వెనక సీటు దగ్గర చిన్న ప్లాస్టిక్ జాలీ ఉంటుంది, ఫ్యాన్ క్యాబిన్ గాలిని అందులోంచే లాగుతుంది. మట్టి దారుల్లో కిటికీలు దించుకుని కొన్నాళ్లు తిరిగాక ఆ జాలీ ఊడదీసి చూడండి. వెనకున్న ఫిల్టర్ మీద పిండిలాంటి దుమ్ము పరుచుకుని ఉంటుంది, వేలితో గీస్తే చార పడుతుంది. అక్కడ గాలి ఆడకపోతే బ్యాటరీ వేడెక్కుతుంది, వేడెక్కిన బ్యాటరీకి ఆయుష్షు తగ్గుతుంది. వెనక చక్రాలకి విడిగా చిన్న మోటారు పెట్టిన ఆల్ వీల్ డ్రైవ్ హైబ్రిడ్లతో ఇంకో చిక్కు, ఇసుకలో ఎక్కువసేపు గింజుకుంటే ఆ మోటారు వేడెక్కి సాయం మానేస్తుంది, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేరు ఎలాగూ ఉండదు. 2019లో వచ్చిన తరం టయోటా రావ్4 హైబ్రిడ్‌లో ఆ వెనక మోటారుకి వెళ్లే హై వోల్టేజ్ కేబుల్ కనెక్టర్ రోడ్డు మీద చల్లే ఉప్పుకి తుప్పు పట్టి చాలామందిని ఏడిపించింది. బండి అడుగున, చక్రాల పక్కన, నీళ్లూ బురదా తగిలేచోట ఒక్క కనెక్టర్ చాలు.

ఇంజిన్ కరెంటు తయారుచేయడానికే ఉండి, చక్రాలతో నేరుగా కలవని సిరీస్ హైబ్రిడ్ల గురించి ఎక్కువ చెప్పను. చాలా డీజిల్ రైలింజన్లు ఇంచుమించు ఆ పద్ధతిలోనే నడుస్తాయి, కానీ ఆగిపోయిన రైలుని లాగడానికి ఇంకో ఇంజన్ వస్తుంది.

అందుకే నా ఓటు మామూలు గేర్‌బాక్స్ ఉన్న ప్యారలల్ హైబ్రిడ్‌కి, అంటే ఇంజిన్ మోటారు సాయం లేకుండానే చక్రాల్ని తిప్పగలిగేదానికి, అదీ స్టార్టర్‌నీ ఆల్టర్నేటర్‌నీ తీసేయని దానికి. లెక్సస్ 2024లో చూపించిన ఎల్‌ఎక్స్ 700హెచ్ నాకు ఇందుకే నచ్చింది. 3.5 లీటర్ల వీ6కీ పది గేర్ల ఆటోమేటిక్‌కీ మధ్య క్లచ్, మోటార్ జనరేటర్ పెట్టారు, లో రేంజ్ గేరు ఉండే ట్రాన్స్‌ఫర్ కేస్‌ని (నాలుగు చక్రాలకీ బలం పంచే పెట్టెని) ముట్టుకోలేదు. హైబ్రిడ్ వ్యవస్థ ఆగిపోయినా స్టార్టర్‌తో ఇంజిన్ లేపి, నడుపుకుంటూ బయటపడాలన్నది వాళ్ల ఆలోచన, ఆ మాట వాళ్లే చెప్పారు. బ్యాటరీకి నీళ్లు తగలకుండా ట్రే కట్టి, 700 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటే సామర్థ్యాన్ని అలాగే ఉంచారు. ఖరీదైన బండే, రెండు టర్బోల ఇంజిన్ సాదాసీదాదేమీ కాదు, అయినా ఆగిపోయిన చోటి నుంచి ఎలా బయటపడాలో ముందే ఆలోచించి గీసిన డిజైన్ అది. మిగతావాళ్లు ఎందుకు ఆలోచించరు? స్టార్టర్ బరువెంత?

అయితే స్టార్టర్ ఉన్నంత మాత్రాన సరిపోదు, నన్ను ఎక్కువ బాధించేది దీని తర్వాతది. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగింది. మామూలు స్కానర్ పెడితే పీ0ఏఏ6 అని వచ్చింది, అంటే హై వోల్టేజ్ ఎక్కడో బాడీకి లీకవుతోంది. ఎక్కడ? బ్యాటరీలోనా, ఇన్వర్టర్‌లోనా, ఏసీ కంప్రెసర్‌లోనా? ఆ వివరం రాబట్టాలంటే చాలాసార్లు కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. కొన్ని బండ్లలో కొత్త విడిభాగం బిగించాక సాఫ్ట్‌వేర్‌తో దాన్ని నమోదు చేయకపోతే పనే చేయదు. డబ్బు పెట్టి కొన్నది మనం, తాళంచెవి వాళ్ల దగ్గర. అమెరికాలో మసాచుసెట్స్ ప్రజలు 2012లో ఒకసారి, 2020లో మరోసారి ఓటేసి మరీ రిపేరు హక్కు తెచ్చుకున్నారు, రెండోసారి కార్ల కంపెనీలు కోర్టుకెక్కాయి. యూరోపియన్ యూనియన్‌లో స్వతంత్ర మెకానిక్కులకి రిపేరు సమాచారం ఇచ్చి తీరాలని 2018/858 నిబంధన చెబుతోంది. ఎడారి మధ్యలో ఆగిపోయినవాడికి ఈ చట్టాలు ఇంజిన్ ఆయిల్ అంత అవసరం. మన బండిలో ఏం చెడిందో మనకి చెప్పనివాళ్లు నమ్మకం గురించి ప్రకటనలు ఇవ్వడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

షోరూముకి వెళ్లినప్పుడు ముందు స్టార్టర్ మోటార్ పార్ట్ నంబర్ అడగండి. నంబర్ లేదంటే స్టార్టర్ లేదు, అక్కడితో లేచి వచ్చేయొచ్చు. ఉందంటే, హైబ్రిడ్ వ్యవస్థ ఫెయిలయ్యాక ఎంత దూరం, ఎంత వేగంతో నడపొచ్చో, రిపేరు సాఫ్ట్‌వేర్ బయటివాళ్లకి అమ్ముతారో లేదో కాగితం మీద రాసివ్వమనండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కట్టకండి.