చలిదేశాల అడవులకు మంచికాలం వచ్చిందన్న మెసేజ్ గురించి

పది రోజులుగా మా కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: కార్బన్ డయాక్సైడ్ చెట్లకు తిండి, గాలిలో అది ఎక్కువైతే చెట్లు ఇంకా బాగా పెరుగుతాయి. యూరప్, అమెరికాల్లో ఎండలు ముందే వస్తున్నాయి కాబట్టి అక్కడి అడవులకు పెరిగే రోజులు కలిసొస్తున్నాయి. భూమి పచ్చబడుతోందని నాసాయే చెప్పింది. మనం వదిలే పొగనంతా ఆ అడవులే పీల్చేస్తాయి, సముద్రం మీదికొస్తుందని భయపడక్కర్లేదు.

ముప్పై ఏళ్లుగా వరి పండిస్తున్న మా బంధువొకాయన దీన్ని నాకు పంపి, "చదువు, ధైర్యంగా ఉంటుంది" అన్నారు. చదివాను. ఇందులో కొంత నిజం ఉంది. జనం నమ్ముతున్నది ఆ కొంత నిజం వల్లే. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు తిండి సంగతి. కార్బన్ డయాక్సైడ్ లేకుండా ఆకు పని చేయదన్నది నిజమే. ఫ్యాక్టరీల కాలానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుండే ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. మరి చెట్లు ఆ మేరకు పెరిగాయా? దీన్ని పరీక్షించడానికి అడవిలోనే చెట్ల చుట్టూ గొట్టాలు నిలబెట్టి, ఏళ్ల తరబడి ఆ వాయువును అదనంగా వదిలి చూశారు. అమెరికాలోని టెన్నెసీలో స్వీట్‌గమ్ చెట్ల తోట మొదట్లో మామూలు కంటే 24 శాతం ఎక్కువ పెరిగింది. 2008 నాటికి ఆ లాభం 9 శాతానికి పడిపోయింది. కారణం నేలలో నత్రజని చాలకపోవడం. స్విట్జర్లాండ్‌లో దాదాపు వందేళ్ల వయసున్న చెట్లకు ఇలాగే వదిలితే మానులో చెప్పుకోదగ్గ పెరుగుదలే కనిపించలేదు. అన్ని చోట్లా ఇలాగే జరగలేదు, ఆ మాట దాచను. ఇంగ్లాండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర ముసలి ఓక్ చెట్లు ఏడేళ్లలో సుమారు 10 శాతం ఎక్కువ కలప కట్టాయి. అంటే నేలలో సత్తువ, నీళ్లు ఉన్నచోట కొంత లాభం ఉంది. లేనిచోట లేదు.

వరి రైతుకి ఇది కొత్త విషయమేమీ కాదు. జింకు లోపమున్న మడిలో ఎన్ని బస్తాల యూరియా చల్లినా పైరు తేరుకోదు. లోపం లేని మడిలోనైనా యూరియా ఒక్కటే గుమ్మరిస్తే చేను నల్లగా ఎదిగి, గాలికి పడిపోయి, గింజ తాలుపోతుంది.

ఇక కలిసొచ్చే రోజులు. అమెరికాలో మసాచుసెట్స్, వర్జీనియా అడవుల్లో మానులకు పట్టీలు కట్టి, అవి ఎంత లావెక్కుతున్నాయో కొలిచారు. 2022లో ఆ ఫలితం వచ్చింది. వసంతం వెచ్చగా ఉన్న ఏడాది చెట్టు ముందుగా పెరగడం మొదలుపెడుతుంది. కానీ ఏడాది మొత్తం మీద మాను అదనంగా లావెక్కడం లేదు. పైగా ముందే ఆకు వేసిన చెట్టు నేలలో నీటిని కూడా ముందే తాగేస్తుంది. తర్వాత ఎండ ముదిరి, గాలి పొడిబారితే ఆకు తన సన్నటి రంధ్రాలను మూసుకుంటుంది. నీటిని కాపాడుకోవాలంటే దానికి వేరే దారి లేదు. ఆ రంధ్రాలు మూసుకున్నాక గాలిలో తిండి ఎంత ఉన్నా లోపలికి వెళ్లదు. 2003లో యూరప్‌లో వడగాడ్పులు, కరవు కలిసి వచ్చినప్పుడు అక్కడి మొక్కలు పీల్చే కార్బన్ దాదాపు 30 శాతం తగ్గిపోయింది. రోహిణీ కార్తెలో పడమటి గాలికి కొబ్బరి పిందె ఎలా రాలుతుందో చూసినవాళ్లకు దీన్ని ఇంతకంటే వివరించక్కర్లేదు.

నాసా మాట నిజమే, కానీ మెసేజ్‌లో సగమే రాశారు. ఉపగ్రహం కొలిచింది ఆకును, కలపను కాదు. 2019లో వచ్చిన ఆ లెక్కలో చైనా, ఇండియా ముందున్నాయి. మన దేశంలో పెరిగిన పచ్చదనంలో 82 శాతం పంటపొలాలదే. సార్వా కోసి దాళ్వా ఊడ్చిన చేను కూడా పైనుంచి పచ్చగానే కనిపిస్తుంది. దాన్ని చూపించి చలిదేశాల అడవులు బలిశాయనడం తప్పు.

మెసేజ్‌లో అసలు లేనిది పురుగు సంగతి. నన్ను ఎక్కువ కలతపెట్టింది ఇదే. జర్మనీలో 2018 నుంచి వరుసగా వచ్చిన కరవులకు స్ప్రూస్ చెట్లు నీరసించాయి. బెరడు తొలిచే పురుగును బయటికి నెట్టే జిగురు వాటిలో ఊరలేదు. వెచ్చదనానికి ఆ పురుగు ఏడాదిలో మరో తరం పిల్లలను ఎక్కువ పెట్టింది. మూడేళ్ల పైచిలుకు కాలంలో 5 లక్షల హెక్టార్ల అడవి పోయింది. ఎకరాల్లో చెబితే 12 లక్షలకు పైనే. మన ధవళేశ్వరం ఆనకట్ట కింద డెల్టా ఆయకట్టు మొత్తం సుమారు 10 లక్షల ఎకరాలు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఇంకో జాతి పురుగు 1 కోటి 80 లక్షల హెక్టార్ల పైన్ అడవుల్లో పాకింది. ఒకప్పుడు అక్కడి గడ్డకట్టే చలే దాని పిల్లపురుగులను చంపేది. ఇప్పుడు అంత చలి అరుదైపోయింది. కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు పడిన కొబ్బరితోటను చూసినవాళ్లం కదా, అడవికి అడవే అలా ఎండిపోవడాన్ని ఊహించుకోండి.

చివరగా, పొగనంతా పీల్చేస్తాయన్న మాట. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో భూమ్మీది అడవులు, మొక్కలు, నేల అన్నీ కలిపి తీసుకుంటున్నది సుమారు 30 శాతం. "అంతా" అన్నది ఏనాడూ లేదు. చచ్చి కుళ్లే అడవి, కాలిపోయే అడవి ఆ కార్బన్‌ను తిరిగి గాలిలోకే వదిలేస్తాయి.

రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ చుట్టుపక్కల తోటల్లోకి పోటు నీరు ఎక్కి కొబ్బరిచెట్లు తలలు రాలి మొండి మానులుగా మిగిలాయి. అందులో డ్రెయిన్ల లోపం కూడా ఉంది, అంతా వాతావరణం మీద తోయను. అయితే సముద్రమట్టం పెరిగేకొద్దీ ఆ పోటు ఇంకా లోపలికి వస్తుంది. మా బంధువుకి ఇదంతా రాసి పంపాను. ఒకసారి ఇద్దరం కలిసి ఆ తోటలకు వెళ్దామని కూడా అడిగాను. అక్కడి గాలిలోనూ చెట్లకు కావలసిన ఆ తిండి 420 పాళ్లకు పైనే ఉంది.