కోతికి కావాల్సింది బొమ్మ కాదు, తోడు

పరిశోధన కోసం బోనులో ఉంచిన కోతికి మనం ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఇంకో కోతి. బంతులు, అద్దాలు, టీవీ, పజిల్ ఫీడర్లు (బుర్ర పెడితేనే తిండి బయటికొచ్చే డబ్బాలు) అన్నీ దాని తర్వాతే. అమెరికాలో ఒక ప్రైమేట్ ల్యాబ్‌లో బిహేవియర్ టీమ్‌లో పనిచేస్తున్నాను. ఈ మాట మీటింగుల్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

మా పనేంటో చాలామందికి తెలియదు. వైద్యం డాక్టర్లు చూస్తారు. తిండి పెట్టడం, బోన్లు కడగడం కేర్‌టేకర్లు చూస్తారు. మేం చూసేది ప్రవర్తన. ఏ కోతి ఆగకుండా అటూ ఇటూ తిరుగుతోంది, ఏది ఒకేచోట పల్టీలు కొడుతోంది, ఏది తన వెంట్రుకలు తానే పీక్కుంటోంది, ఏది తన చెయ్యి తానే కొరుక్కుంటోంది. ఈ చివరిది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కొత్త మనిషి గదిలోకి వస్తాడు. కోతి అతని వైపు గుడ్లురిమి చూస్తుంది, నోరు తెరిచి బెదిరిస్తుంది, ఆ వెంటనే తన ముంజేతినే పళ్ళతో పట్టుకుని వణికిపోతుంది. చిన్నప్పుడే తల్లికి దూరమైన వాటిలో, ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉన్నవాటిలో ఇది ఎక్కువ.

ఇది ఇవాళ తెలిసిన సంగతి కాదు. 1950లు, 60ల్లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త రీసస్ అనే జాతి కోతిపిల్లల్ని తల్లుల నుంచి వేరుచేసి, కొన్నిటిని నెలల తరబడి పూర్తిగా ఒంటరిగా పెంచాడు. అవి తమని తామే పట్టుకుని ఊగుతూ కూర్చునేవి, కొరుక్కునేవి. తర్వాత మిగతా కోతుల్లో కలవలేకపోయాయి. ఆ పిల్లల బతుకులు నాశనం చేసి తెలుసుకున్న విషయం అది. తెలుసుకున్నాక కూడా ఒంటరి బోన్లు ఉన్నాయంటే నాకు ఒళ్ళు మండుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. అమెరికాలో ఎనిమల్ వెల్ఫేర్ యాక్ట్‌కి 1985లో చేసిన సవరణ, కోతుల మానసిక క్షేమానికి తగిన పరిసరాలు ఇవ్వాలని చెప్పింది. 1991లో నియమాలు వచ్చాయి. మూడు నుంచి పది కిలోల కోతికి కనీసం 4.3 చదరపు అడుగుల నేల, 30 అంగుళాల ఎత్తు ఉండాలి. అంటే దాదాపు రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. అంతే ఇచ్చినా చట్టం ప్రకారం తప్పు లేదు. తోడు గురించి కూడా నియమాల్లో ఉంది, దానితోపాటే మినహాయింపులూ ఉన్నాయి. అనారోగ్యం వల్ల డాక్టర్ మినహాయింపు ఇస్తే, అది తగ్గని సమస్య అయితే తప్ప, 30 రోజులకోసారి మళ్ళీ పరిశీలించాలి. అదే, పరిశోధన అవసరం కోసం, జంతువుల మీద చేసే పరిశోధనల్ని పరిశీలించే ల్యాబ్ కమిటీ మినహాయింపు ఇస్తే, ఏడాదికోసారి చూస్తే చాలు. కోతి ఆరోగ్యం కోసం విడిగా ఉంచితే నెల, మన అవసరం కోసం ఉంచితే ఏడాది! ఈ తేడా ఎందుకని నేను అడిగితే సరైన జవాబు చెప్పినవాళ్ళు ఇప్పటిదాకా కనబడలేదు.

జత కలపడం అంటే రెండిటినీ ఒక బోనులోకి తోసి తలుపు వెయ్యడం కాదు. మొదట పక్కపక్క బోన్లలో పెట్టి, మధ్య జల్లెడ పలక ఉంచి గమనిస్తాం. ఒకటి పళ్ళికిలిస్తే నవ్వుతోందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అది భయం, నీకు లొంగి ఉంటానని చెప్పడం. పెదాలు చప్పరిస్తే మాత్రం మంచి శకునం. ఆ జల్లెడలోంచే వేళ్ళు పెట్టి పేలు చూడటం మొదలైతే సగం పని అయినట్టే. పలక తీసిన రోజు మేం గంటల తరబడి అక్కడే ఉంటాం. కొన్ని జతలు కుదరవు, కొట్టుకుంటాయి, విడదీయాల్సి వస్తుంది. కుదిరినవి చూడాలి! మా దగ్గర ఒక ముసలి ఆడకోతి ఉంది. ముంజేతి నిండా తాను కొరుక్కున్న గాట్లే. జత కుదిరాక అదే చెయ్యి చాపుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చునేది. రెండోది ఒక్కో వెంట్రుకా విడదీసి చూస్తుండేది. కొత్త గాట్లు తగ్గుతూ వచ్చాయి. ఏ బొమ్మా చెయ్యలేని పని అది.

"మా స్టడీలో ఏ కోతి ఎంత తిన్నదో లెక్క కావాలి, అందుకే ఒంటరిగా ఉంచాం" అంటారు కొందరు. తిండి పెట్టేటప్పుడు మధ్యలో పలక జరిపి, తిన్నాక తీసేస్తే సరిపోతుంది. చాలాచోట్ల చేస్తున్న పనే ఇది. కావాల్సిందల్లా ఆ పలక జరపడానికి ఒక మనిషి, ఆ మనిషికి జీతం. అక్కడే వస్తుంది చిక్కంతా. కోట్ల రూపాయల యంత్రాలకి సంతకాలు అవుతాయి, బిహేవియర్ టీమ్‌లో ఒక్క పోస్టు అడిగితే బడ్జెట్ లేదంటారు. నిత్యం టెన్షన్‌లో ఉన్న కోతి ఒంట్లో హార్మోన్లు, రోగనిరోధక శక్తి మారిపోతాయి. ఆ కోతి ఇచ్చే డేటా మీద రేపు మందు తయారవుతుంది. కోతి మీద జాలి లేకపోయినా, కనీసం ఆ డేటా గురించైనా ఆలోచించాలి కదా.

ఊళ్ళో మావాళ్ళు ఇంకోలా అంటారు. "ఇక్కడ కోతులు మక్క చేను మిగల్చట్లేదు, ఇంట్లోకి వచ్చి గిన్నెలు ఎత్తుకుపోతున్నాయి, నువ్వేమో వాటికి తోడు కావాలంటావా?" వాళ్ళ బాధ నిజం, నేను కాదనను. కానీ చేను పాడుచేసే కోతికి ఎటైనా పోయే దారి ఉంది. బోనులో ఉన్నదాన్ని మనం తెచ్చి పెట్టుకున్నాం, మన కోసం. 2020లో కోవాగ్జిన్‌ని మనుషులకి వెయ్యడంతో సరిపెట్టలేదు, 20 రీసస్ కోతుల మీద కూడా పరీక్షించారు. హైదరాబాద్‌లో తయారైన ఆ టీకా మనలో ఎంతమంది వేయించుకున్నామో లెక్కలేదు. అమెరికా ల్యాబుల్లోని రీసస్ కోతుల్లో చాలావాటి మూలాలు కూడా మన దేశంలోనే ఉన్నాయి. 1978లో భారత ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది, అప్పటికే వెళ్ళినవాటి సంతతి ఇప్పటికీ ఇక్కడి బోన్లలో పుడుతోంది.

ఇక్కడ పనిచేసే తెలుగువాళ్ళు, ముఖ్యంగా ఆ కమిటీల్లో కూర్చునే సైంటిస్టులు, వెటర్నరీ డాక్టర్లు ఒక్క పని చేయగలరు. ఏడాది అనేది పైగడువు మాత్రమే. అంతకంటే ముందే పరిశీలించాలని కమిటీ తనంతట తాను పెట్టుకోవచ్చు, కొత్త చట్టం అక్కర్లేదు. ఒంటరిగా ఉంచాలని అడిగే ప్రతి కాగితం మీదా ఆ కోతిని రోజూ చూసే బిహేవియర్ మనిషి అభిప్రాయం కూడా ఉండాలని పట్టుబట్టండి. 30 రోజులకోసారి చూద్దామని అడగండి. మా దగ్గర ఈ నెల మీటింగు అజెండాలో నేను పెట్టించాను.