బరంపురం ఉక్కలో ఎమో జుట్టా!

ఒక కన్ను మూసే ముంగురులు, కళ్ల నిండా కాటుక, నల్లజుట్టులో ఎర్రపాయ: ఎమో అనే రాక్ సంగీతం వినే 2000ల నాటి అమెరికా కుర్రాళ్ల సరదా ఇది. గోపాల్‌పూర్ సముద్రపు ఉప్పుగాలి తగిలే బరంపురంలో ఆ ముంగురులు ఎలా నిలుస్తాయండీ? 180 డిగ్రీల స్ట్రెయిట్‌నర్‌తో సాగదీసినా, తేమ తగలగానే వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు మళ్లీ మొదటికొస్తాయి. తడిజుట్టు మీద పెట్టారా, లోపలి నీరు ఆవిరై, బుడగలెత్తి, పుటుక్కున తెగుతుంది.

కాటుక చెంపలకి జారడం సరే, కడిగితే పోతుంది.

అసలు ఏడుపు ఎర్రపాయతో! (పుట్టుకతో నల్లజుట్టుకి మళ్లీ నల్లరంగేసేవాళ్లనైతే ఏమనాలో.) నలుపు మీద ఎరుపు తేలదు, ముందు బ్లీచ్ పెట్టాలి. నాలుగైదు తలస్నానాలకే ఎరుపు వెలిసిపోతుంది, రాగిచెంబు రంగు మిగులుతుంది. జుట్టు పెరిగేది నెలకి సుమారు సెంటీమీటరు. జానెడు పాయ పోవాలంటే దాదాపు రెండేళ్లు. ఈలోగా చుట్టాలింట్లో పెళ్లొస్తే, ఆల్బమ్ నిండా అదే!