కల అని తెలిస్తే చాలదా, దాన్ని నడపాలా?

లూసిడ్ డ్రీమ్ గురించి, అంటే కంటున్నది కల అని నిద్రలోనే తెలిసిపోయే కల గురించి, ఎవరు మాట్లాడినా రెండో మాటకే గాలిలో ఎగరడం దగ్గరికి వెళ్లిపోతారు. ఇది కల అని తెలిసిపోయాక దాన్ని ఇష్టం వచ్చినట్టు తిప్పుకోవాలని, గోడల్లోంచి దూసుకుపోవాలని, అలా చేయలేనివారికి సాధన చాలలేదని తీర్పు కూడా చెప్పేస్తారు. ఈ తీర్పు మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. కల అని స్పష్టంగా తెలిసి నేను కనే కలల్లో నేను పాత్రను కాను. పక్కన నిలబడి చూస్తానని అందామంటే, నిలబడడానికి అక్కడ నాకంటూ ఒక ఒళ్లు కూడా ఉండదు.

ఒక కలలో నేను మెట్లెక్కుతున్నాను. ఎక్కుతున్న ఆ నన్ను వెనక నుంచి, కాస్త ఎత్తు నుంచి చూస్తున్నాను. మెలకువలో అద్దం సాయం లేకుండా ఎన్నడూ చూడలేని నా మెడ వెనక భాగమూ, వీపు మీద చొక్కా ముడతా కనిపిస్తున్నాయి. ఆ మనిషి జేబులు తడుముకుంటూ తాళంచెవి కోసం కంగారు పడుతున్నాడు. ఇది కల అని, పైన తలుపే లేదని నాకు తెలుసు, అతనికి తెలియదు. చెబుదామంటే నాకు నోరు లేదు, చెప్పాలన్న తొందర కూడా పెద్దగా లేదు. అతని కంగారు నాకు అర్థమవుతోంది గానీ అంటుకోవడం లేదు.

ఇది అసలైన లూసిడ్ డ్రీమ్ కాదనేవారు పరిశోధనల వైపు ఒకసారి చూడాలి. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు కీత్ హెర్న్, నిద్రలో ఉన్న అలన్ వర్స్‌లీ ఇది కల అని తనకు తెలిసిందని, ముందే అనుకున్న ప్రకారం కళ్లను ఎడమకూ కుడికీ తిప్పి పంపిన సంకేతాన్ని నమోదు చేశారు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో ఒంటి కండరాలు దాదాపు పనిచేయకపోయినా కళ్లు కదులుతాయి కాబట్టే అది సాధ్యమైంది. అయితే అలా సంకేతం పంపాలంటే కలలో ఉన్నవాడు ఏదో ఒకటి చేయాలి. రుజువు అడిగే ప్రయోగశాలకు చేయగలిగినవాళ్లే పనికొచ్చారు గనుక, ఊరికే చూసేవాళ్లు లెక్కలోంచి జారిపోయారని నా అనుమానం.

2013లో పరిశోధకురాలు ఉర్సులా ఫోస్ బృందం లూసిడ్ డ్రీమ్‌ల కోసం రూపొందించిన కొలమానంలో 8 అంశాలున్నాయి. కల అన్న ఎరుక ఒకటి, కలపై అదుపు మరొకటి, తనను తాను బయటి నుంచి చూసుకోవడం ఇంకొకటి. మూడింటినీ విడివిడిగానే కొలిచారు. మరుసటి ఏడాది అదే బృందం, రెమ్ నిద్రలో తలపై 40 హెర్ట్జ్ స్వల్ప విద్యుత్తును పంపినప్పుడు ఎరుకతోపాటు ఈ బయటి చూపు కూడా పెరిగిందని ప్రకటించింది. ఆ ఫలితాలపై తర్వాత సందేహాలు రాకపోలేదు. అయినా అదుపు లేనంత మాత్రాన ఎరుక లేదనడానికి వీల్లేదన్న నా వాదనకు ఆ కొలమానం ఒక్కటీ చాలు.

మరో వైపు, ఇలా చెప్పగానే సాక్షీభావం సిద్ధించిందని అభినందించేవారున్నారు. నిద్రలో లేని తాళంచెవి వెతుక్కునే మనిషికి సిద్ధి ఏమిటి! 2002లో నాడీ వైద్యుడు ఒలాఫ్ బ్లాంకె బృందం మూర్ఛవ్యాధి ఉన్న ఒక మహిళ మెదడులో కుడివైపు ఒక చోట విద్యుత్తుతో ప్రేరేపించినప్పుడు, మంచం మీద ఉన్న తన కాళ్లూ నడుము కింది భాగమూ ఆమెకు పైనుంచి కనిపించాయి. మనం ఒంట్లోనే ఉన్నామన్న భావన మెదడు కూర్చేదేనని, ఆ కూర్పు సడలగలదని దీన్నిబట్టి తెలుస్తోంది. పగలు మెలకువలో కూడా ఇలాగే అనిపిస్తుంటే మాత్రం డాక్టరుకు చెప్పాల్సిందే.

నాకు గట్టిగా తగిలే అభ్యంతరం ఒక్కటే. మనస్తత్వ పరిశోధకులు నైగ్రో, నైసర్ 1983లో చూపినట్టు, మెలకువలో జరిగిన సంఘటనలను కూడా మనం కొన్నిసార్లు బయటి నుంచి చూసినట్టే గుర్తు చేసుకుంటాం. అలాంటప్పుడు నా కలలోని చూపు కూడా లేచాక జ్ఞాపకం చేసిన సర్దుబాటు కావచ్చు కదా? మెడ, చొక్కా విషయంలో కావచ్చు. కానీ నాకు తెలిసింది అతనికి తెలియదన్న ఆ తేడాను జ్ఞాపకం తర్వాత కల్పించిందంటే నమ్మలేకపోతున్నాను. కలల డైరీ రాసేవారు లేవగానే, కథ జోలికి పోకముందే, ఎక్కడి నుంచి చూశారో, తమ ఒళ్లు తమకు కనిపించిందో లేదో రాసిపెట్టుకుంటే ఈ వాదన ఊహల మీద కాక రాతల మీద నడుస్తుంది. ఎగిరారా లేదా అన్నది ఆ తర్వాత రాసుకోవచ్చు.