పావురాల జబ్బు పుకారు కాదు

బెంగళూరులో మారతహళ్లి వైపు తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది: ‘పావురాల వల్ల ఊపిరితిత్తులు పాడవుతాయన్నది పుకారు. పొడిదగ్గు, ఆయాసం వస్తే అది ఆస్తమానో టీబీనో. ఎక్స్‌రే బాగుంటే భయం లేదు. ఇన్‌హేలర్ వాడుతూ పావురాలకు గింజలు వేయవచ్చు.’ మా పిన్ని పడిన అవస్థ చూసిన నేను దీన్ని చదివి ఊరుకోలేను.

పుకారు కాదు. దీని పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పావురాల రెట్టలోని, ఈకల పొడిలోని ప్రొటీన్లను పీల్చగా పీల్చగా కొందరిలో రోగనిరోధక వ్యవస్థ తిరగబడి ఊపిరితిత్తులను వాచేలా చేస్తుంది. అరుదైన జబ్బే. ‘మా ఇంట్లో ఎవరికీ రాలేదు’ అనడం మాత్రం రుజువు కాదు. ఊపిరితిత్తుల కణజాలం వాచి గట్టిపడే జబ్బులన్నిటినీ కలిపి ఐఎల్‌డీ అంటారు. 2017లో వెలువడిన భారత ఐఎల్‌డీ రిజిస్ట్రీలోని 1,084 మంది రోగుల్లో 47.3 శాతం మందికి తేలింది ఇదే. వాళ్లలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ల గాలి పీల్చినవాళ్లు, కాబట్టి నేరం పావురాలదొక్కటే కాదు.

ఇక టీబీ. కఫంలో క్రిమి కనబడకపోయినా పిన్నికి ఆరు నెలలు టీబీ మందులు ఇచ్చారు. ఆ ఆరు నెలలూ వంటింటి వెనుక బాల్కనీలో పావురాల గూడు అలాగే ఉంది. ఇంట్లో పక్షులున్నాయా అని ఒక్కరూ అడగలేదు! క్రిమే లేని జబ్బు క్రిమిని చంపే మందుకు ఎలా లొంగుతుంది? ఇన్‌హేలర్ సంగతీ అంతే. అది బిగుసుకున్న శ్వాసనాళాలను తెరుస్తుంది. ఇక్కడ ప్రధానంగా దెబ్బతినేవి గాలి గదులు, వాటి గోడలు.

తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. హెచ్‌ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తులను మరింత వివరంగా చూపే సీటీ స్కాన్, కావాలి. ఊపిరి వదిలించి కూడా తీస్తే లోపల గాలి చిక్కుకున్న భాగాలు బయటపడతాయి. శ్వాస సామర్థ్య పరీక్షలు, అవసరమైతే బ్రాంకోస్కోపీతో (శ్వాసనాళాల్లోకి సన్నని గొట్టం పంపి) ఊపిరితిత్తిని కడిగిన ద్రవంలో లింఫోసైట్ల (ఒక రకం తెల్లరక్తకణాల) లెక్క కూడా చూస్తారు. పక్షులు, ఈకల దిండ్లు, బూజు పట్టిన గోడల గురించి డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి.

గింజలు వేయవచ్చన్న మాట అన్నిటికన్నా ప్రమాదం. కారణాన్ని దూరం చేయడమే చికిత్సలో మొదటి మెట్టు. స్టెరాయిడ్లు, రోగనిరోధక వ్యవస్థను అణిచే మైకోఫినోలేట్ వంటి మందులు వాపును తగ్గించవచ్చు. గట్టిపడుతూ పోయే ఊపిరితిత్తుల్లో నింటెడానిబ్ అనే మందు ఆ వేగాన్ని తగ్గిస్తుందే గానీ పోయినదాన్ని తిరిగి తేలేదు. గూడు తీసే పని రోగి చేయకూడదు. ఎండు రెట్టను పొడిగా ఊడవకుండా తడిపి తీయించాలి.

మా ఇంట్లో గూడు తీయించి వల కట్టించాం. పిన్ని దగ్గు తగ్గింది. రెండో అంతస్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇప్పటికీ మధ్యలో రెయిలింగ్ పట్టుకుని ఆగుతుంది.