రుషికొండలో డైవ్ చేసి అదే రోజు ఘాట్ ఎక్కకండి

స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ తగిలించుకుని నీటి అడుగుకు దిగడం) మీద వచ్చిన ఒక వ్యాసంలో, ఒడిశాలోని చిలికా సరస్సులో, కోరాపుట్ దగ్గరి కొలాబ్ రిజర్వాయర్‌లో కూడా అది చేయొచ్చన్నట్టు రాశారు. చిలికా చాలా చోట్ల మూడు మీటర్ల లోతు కూడా ఉండదండీ, పైగా బురద నీళ్లు, అక్కడ డాల్ఫిన్లను పడవలోంచి చూసి రావడమే మేలు. కొలాబ్ సంగతి వేరు. అది సముద్రమట్టానికి 800 మీటర్ల పైన ఉంది, 300 మీటర్లు దాటితే ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే మామూలు డైవ్ పట్టికలు సరిపోవు, ఎత్తుకు తగ్గట్టు లెక్క మార్చుకోవాలి. రిజర్వాయర్లలో మునిగిన చెట్లు, తెగిన వలలు ఉంటాయి కాబట్టి ముందు అక్కడి జాలర్లను అడగండి, గూగుల్ మ్యాప్‌లో అవేవీ కనపడవు.

వ్యాసంలో అసలు లేనిది ఇంకోటి ఉంది. మా కోరాపుట్ వైపు కుర్రాళ్లు పొద్దున వైజాగ్ దగ్గర రుషికొండ సముద్రంలో డైవ్ చేసి సాయంత్రానికి సాలూరు మీదుగా సుంకి ఘాట్ (కొండదారి) ఎక్కేస్తున్నారు. డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ ఇంకా పూర్తిగా బయటికి పోకముందే పైకెళ్తే గాలి ఒత్తిడి తగ్గి అది బుడగలు కడుతుంది, కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం దాకా రావచ్చు. డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి చెప్పే జాగ్రత్తే దీనికీ, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. రాత్రికి వైజాగ్‌లోనే ఉండిపోండి, రూమ్ ఖర్చుకి చూసుకోవద్దు.